ఉడుముకు ఎండ తగిలితే

పోయిన డిసెంబరులో ఒక పొద్దున, మహారాష్ట్రలోని సిరోంచలో మా పెరటి బావి గట్టు మీద ఉడుము కనపడింది. రాత్రంతా ప్రాణహిత వైపు నుంచి వీచిన చలిగాలికి బిగుసుకుపోయి, ఎండుకొమ్మలా పడి ఉంది. మా అన్న కొడుకు పుల్లతో మెల్లగా తాకితే ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసుకుంది.

"కాకా, ఎంత సాధువుగా ఉందో చూడు. పెంచుకుందామా?" అన్నాడు. వాడు ఫోన్లో చూసే వీడియోల్లో విదేశాల వాళ్ళు ఇంతకు రెండింతలున్న వాటిని ఒళ్ళో పడుకోబెట్టుకుని టీవీ చూస్తుంటారు మరి.

తొమ్మిది దాటాక గట్టు మీదికి ఎండ వచ్చింది. ఉడుము పక్కటెముకలు వెడల్పు చేసి ఒళ్ళంతా పలకలా పరిచింది. ఇంకో గంటకు గొంతు ఉబ్బింది, కుక్కర్ విజిల్ వేయబోయే ముందు వచ్చే చప్పుడులాంటి బుస మొదలైంది. వీడు మళ్ళీ పుల్ల చాపాడు. తోక విల్లులా వంచి ఒక్కటి కొట్టింది, పక్కనున్న ప్లాస్టిక్ బకెట్ దొర్లిపోయింది, పిల్లవాడు వంటింట్లో తేలాడు. అందరం దూరం జరిగితే, దాని దారిన అది కంచె కింద దూరి చింతచెట్టు వైపు వెళ్ళిపోయింది.

పొద్దున సాధువు, పదింటికి రౌడీ. నిజానికి దాని గుణం ఏమీ మారలేదు, ఒంటి వేడి మారిందంతే. మనలా ఉడుము ఒంట్లో పొయ్యి మండదు. కండరాలు చురుగ్గా కదలాలంటే ఒళ్ళు 35 డిగ్రీల దరిదాపులకు రావాలి, ఆ వేడి ఎండే ఇవ్వాలి. చల్లగా ఉన్న ఉడుముకు పారిపోయే సత్తువా ఉండదు, తిరగబడే సత్తువా ఉండదు. మనం దాన్ని మచ్చిక అనుకుంటాం.

విదేశాల్లో పెంపుడు ఉడుముల విషయంలో జరిగే పెద్ద పొరపాటు కూడా ఇదే. అక్కడ ఎక్కువగా అమ్మేది ఆఫ్రికా సవానా ఉడుము, మీటరు దాకా పెరుగుతుంది. ఆగ్నేయాసియా నీటి ఉడుమైతే రెండు మీటర్లు కూడా దాటగలదు. కొన్నప్పుడు అరచేతిలో పడుతుంది కాబట్టి గాజు తొట్టిలో పెట్టి, పైన ఒక బల్బు వేలాడదీస్తారు. అది మూల నక్కి కదలకుండా ఉంటే 'మంచిది' అని మురిసిపోతారు. తెలిసినవాళ్ళు మాత్రం ముందు థర్మామీటర్ చూస్తారు.

ఎండ కాచుకునే చోట రాయి పైభాగం 50 నుంచి 60 డిగ్రీలు ఉండాలి. మే నెలలో మా డాబా మీద చెప్పుల్లేకుండా నడిచినవాళ్ళకు ఆ వేడి ఎంతో తెలుసు! ఒక్క పెద్ద బల్బు పెడితే నడుం మీద చర్మం కాలుతుంది, తోక మాత్రం చల్లగానే ఉంటుంది. అందుకే చిన్న బల్బులు రెండు మూడు వరసగా పెట్టి ఒళ్ళంతా సమంగా వేడి తగిలేలా చూస్తారు. రెండో కొస చల్లగా ఉండాలి, ఎందుకంటే ఎప్పుడు ఎక్కడికి జరగాలో ఉడుమే తేల్చుకుంటుంది. సవానా ఉడుముకు కనీసం ఎనిమిది అడుగుల పొడుగు, నాలుగు అడుగుల వెడల్పు స్థలం కావాలి. అన్నిటికన్నా ముఖ్యం కింద రెండడుగుల తడి మట్టి. అది బొరియ తవ్వుకునే జీవి. పొడి గాలిలో రాత్రీ పగలూ ఉంచితే ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతింటాయి. నీటి ఉడుముకైతే మునిగేంత తొట్టి కావాలి. అది దొడ్డికి వెళ్ళేది కూడా అందులోనే! ఆ నీళ్ళు మార్చే పని గురించి వీడియోల్లో ఎవరూ చెప్పరు.

తిండి సంగతి క్లుప్తంగా. సవానా ఉడుము అడవిలో ఎక్కువగా పురుగులు, నత్తలు తింటుంది. ఇళ్ళలో సులువని ఎలుకలు వేస్తారు, అది కొవ్వు పట్టి చస్తుంది.

అన్నీ సరిగ్గా అమర్చితే అసలు ఉడుము బయటపడుతుంది. తవ్వుతుంది, ఎక్కుతుంది, తలుపు గొళ్ళెం పరిశీలిస్తుంది. 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఆఫ్రికా నల్లగొంతు ఉడుము పిల్లలకు ఎలుకలున్న పారదర్శక గొట్టాలు ఇచ్చారు. మొదటిసారే పది నిమిషాల్లోపు అన్నీ మూత తెరిచాయి, రెండోసారి ఇంకా త్వరగా. ఇంత తెలివికి రోజూ పని కావాలి. అది లేకపోతే ముక్కు రక్తం కారేదాకా గాజుకు రాసుకుంటుంది.

కరవడంలో చాలా భాగం కోపం కాదు, పొరపాటు. చేతికి కోడిమాంసం వాసన ఉంటే చెయ్యీ తిండే. అందుకే పొడుగు పటకారుతో తినిపిస్తారు. ఒంటి మీదికెక్కి గోళ్ళు దించడమూ అంతే, పడిపోతానన్న భయంతో పట్టుకుంటుంది. మనం ఊరికే ఉడుం పట్టు అనలేదు. శివాజీ సేనాని తానాజీ మనుషులు ఘోర్పడ్‌కు (ఉడుముకు మరాఠీ పేరు) తాడు కట్టి సింహగడ్ కోట ఎక్కారని ఇక్కడి మరాఠీ బళ్ళలో కథ చెప్తారు. కథ సంగతి ఎలా ఉన్నా, చంక దాకా గీతలు పడ్డ పెంపకందారులు పట్టు గురించి అనుమానపడరు. దానికి మన మీద ప్రేమ పుట్టడమన్నది నేను నమ్మను. పక్కన కూర్చుంటే పారిపోకుండా ఉండటం, పిలవకుండా దగ్గరికి రావడం, అదే గొప్ప. దానికీ నెలలు పడుతుంది.

మా వాడికి ఇదంతా చెప్పి చివరికి చట్టం చెప్పాను. మన దేశంలో ఉన్న నాలుగు జాతుల ఉడుములూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఇంట్లో పెట్టుకుంటే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. "డైనోసార్‌ను కూడా పెంచుకోనివ్వరా?" అన్నాడు. బరపాసారస్ అనే డైనోసార్ ఎముకలు మా తాలూకాలోని పోచంపల్లి దగ్గరే దొరికాయి కాబట్టి వాడికి ప్రతి తొండా డైనోసారే. ఉడుము పాముకు దగ్గరి చుట్టం, డైనోసార్ల వారసత్వం పెరట్లో కోళ్ళది అంటే వాడికి నచ్చలేదు.

మర్నాడు పొద్దున చూస్తే కరోనా నాటి నుదుటి థర్మామీటర్ పట్టుకుని బావి గట్టు దగ్గర కూర్చున్నాడు. రాయికి గురిపెడితే 'లో' అని చూపిస్తోంది. ఎండ బాగా ఎక్కేదాకా అంకె పడలేదు. ఉడుమూ రాలేదు.