టాలెమీ చూసి రాశాడా, కలిపి రాశాడా?

క్రీ.శ. రెండో శతాబ్దపు ఖగోళవేత్త టాలెమీ నక్షత్ర పట్టిక అతని సొంత కష్టమా, అంతకుముందరి గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్ నుంచి ఎత్తుకొచ్చిందా అన్న పాత పేచీ 2022లో మళ్లీ రాజుకుంది. ఈజిప్టులోని సీనాయ్‌లో ఉన్న సెయింట్ కేథరిన్ మఠం నుంచి వచ్చిన ఒక తోలు గ్రంథంలో గ్రీకు రాత చెరిపి, దాని మీదే సిరియాక్ భాషలో రాసిన పుటలున్నాయి. వాటిని వేర్వేరు కాంతుల్లో ఫొటోలు తీస్తే, అడుగున ఉత్తర కిరీటం తారామండలం కొలతలు బయటపడ్డాయి. క్రీ.పూ. 129 ప్రాంతపు ఆకాశానికి అవి సరిపోయాయి. అది హిప్పార్కస్ కాలం.

టాలెమీ భూకేంద్ర సిద్ధాంతం, గ్రహాలకు అతను గీసిన వలయాల మీద వలయాలు అందరికీ తెలిసిన కథే. ఈ తగవు మూలం మాత్రం మఖ నక్షత్రం దగ్గరుంది.

క్రీ.శ. 139లో మఖను తానే కొలిచానని టాలెమీ తన ఖగోళ గ్రంథం ‘ఆల్మజెస్ట్’లో రాసుకున్నాడు. అది సింహరాశిలో రెండున్నర డిగ్రీల దగ్గర ఉందట. హిప్పార్కస్ లెక్కలో దాని ముందు రాశి కర్కాటకం చివర (ఒక్కో రాశికి 30 డిగ్రీలు), 29 డిగ్రీల 50 నిమిషాల దగ్గర ఉండేది. తేడా 2 డిగ్రీల 40 నిమిషాలు, మధ్యలో గడిచింది 265 ఏళ్లు. నక్షత్ర స్థానాలను విషువత్తు నుంచి, అంటే వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున సూర్యుడుండే చోటు నుంచి లెక్కిస్తారు. అది మెల్లగా జరుగుతుంటుంది కాబట్టి నక్షత్రాల అంకెలూ మారుతుంటాయి. ఆ జరుగుదల నూరేళ్లకు ఒక డిగ్రీ చొప్పున అనుకుంటే లెక్క చక్కగా కుదిరింది. మరీ చక్కగా కుదిరింది! ఆ వ్యవధిలో నక్షత్రాలు నిజానికి జరిగింది సుమారు 3 డిగ్రీల 40 నిమిషాలు. హిప్పార్కస్ ఇంతకు తక్కువ ఉండదని చెప్పిన వేగమే టాలెమీ కొలతలో అచ్చంగా తేలింది. అందుకే అతను ఆకాశం చూసి కొలవలేదని, హిప్పార్కస్ అంకెలకు 2 డిగ్రీల 40 నిమిషాలు కలిపేశాడని అనుమానం.

నక్షత్ర స్థానాలను సూర్యుడితో మొదలుపెట్టి చంద్రుడి మీదుగా కొలిచేవారు కాబట్టి, టాలెమీ సూర్యగణితంలోని ఒక డిగ్రీ తప్పే పట్టికలోకి పాకిందని అతని పక్షం వారి వాదన. కొట్టిపారేయదగ్గది కాదు.

9వ శతాబ్దంలో బాగ్దాద్ ఖలీఫా మామూన్ కాలపు ఖగోళవేత్తలు ఈ జరుగుదలను మళ్లీ కొలిచి 66 ఏళ్లకు ఒక డిగ్రీ అని తేల్చారు. అసలు విలువ 72 ఏళ్లకు దగ్గర. 964లో పర్షియా ఖగోళవేత్త అల్ సూఫీ టాలెమీ అంకెలకు 12 డిగ్రీల 42 నిమిషాలు కలిపి పట్టిక తయారుచేశాడు. కలిపానని దాచకుండా చెప్పాడు కూడా. టాలెమీ సైతం మెనెలాస్ అనే పూర్వీకుడి కొలతలకు 25 నిమిషాలు కలిపాడని రాసిందీ ఇతనే. అంటే ఈ అనుమానం 10వ శతాబ్దం నాటికే ఉంది. 16వ శతాబ్దంలో డెన్మార్క్ ఖగోళవేత్త టైకో బ్రాహే హిప్పార్కస్ పేరు పెట్టి దాన్నే లేవనెత్తాడు.

టాలెమీ మాటను నమ్మినవారు ఇంకో చిక్కులో పడ్డారు. అప్పుడు నూరేళ్లు, ఇప్పుడు 66 అయితే వేగమే మారుతోందా? విషువత్తు ముందుకూ వెనక్కూ ఊగుతుందన్న సిద్ధాంతానికి దీంతో బలం చేకూరింది. (మన సూర్యసిద్ధాంతంలోనూ అయనం, అంటే ఈ విషువత్తు జరుగుదల, 27 డిగ్రీల మేర అటూ ఇటూ ఊగుతుంది. దాని కథ వేరు.) స్పెయిన్ రాజు అల్ఫోన్సో పేరిట వెలువడిన పట్టికల్లో ఈ ఊగులాటకు చోటు దక్కింది. 1543లో కోపర్నికస్ భూమిని కదిలించాడు గానీ దీన్ని వదులుకోలేదు. టైకో వచ్చాక గానీ ఇది వెనక్కి తగ్గలేదు.

ఇక కొత్త పుటలు. వాటిలోని అంకెలు టాలెమీ అంకెలతో పూర్తిగా కలవవు. కాబట్టి అతని పట్టికకు హిప్పార్కస్ ఒక్కడే ఆధారం కాదని పరిశోధకులు తేల్చారు. హిప్పార్కస్ కొలతలు ఒక డిగ్రీ లోపు తేడాతో, టాలెమీ కొలతల కన్నా మెరుగ్గా ఉన్నాయని కూడా వారే రాశారు. గుండుగుత్తగా నకలు కొట్టాడన్న అభియోగం దీనితో బలహీనపడింది. మఖ దగ్గరి 2 డిగ్రీల 40 నిమిషాలకు మాత్రం ఉత్తర కిరీటం అంకెల్లో జవాబు లేదు.