డూప్లికేట్ జీన్ అంటే స్టెప్నీ కాదు

ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్‌లో ఎవరో ఒకరు మొహం వేలాడేసుకుని వస్తారు, "మేడం, జీన్ నాకౌట్ చేశా (పనిచేయకుండా చెడగొట్టా), మొక్క మామూలుగానే ఉంది, అంటే ఈ జీన్‌కి పనేం లేనట్టేనా?" అని. కంగారు పడకండి. ఎవరో ఔననగానే ప్రాజెక్టు మూసేసుకున్నవాళ్ళని చూశా కాబట్టి రాస్తున్నా.

అపోహ: ఒక కాపీ తీసేస్తే ఏం కాలేదు, కాబట్టి అది పనికిరాని జీన్.

కాదు! పూల మొక్కల్లో మొత్తం జీనోమే, అంటే జీన్ల సెట్టంతా, రెట్టింపవడం పదే పదే జరిగింది, మీ జీన్‌కి ఎక్కడో ఒక కవల ఉండే ఉంటుంది, ముందు దాన్ని వెతకండి. ల్యాబుల్లో వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో షాటర్‌ప్రూఫ్1, షాటర్‌ప్రూఫ్2 అని కవల జీన్లు ఉన్నాయి కదా, వాటిలో ఏ ఒక్కటి పోయినా కాయ ఎప్పట్లాగే ఎండి పగులుతుంది, రెండూ పోతే మాత్రం పగలదు, గింజలు లోపలే ఉండిపోతాయి. గోధుమలో అయితే జీనోమ్‌లే మూడు సెట్లు, 2014లో బూడిద తెగులుకి దారిచ్చే ఎంఎల్ఓ జీన్ మూడు కాపీల్నీ ఒకేసారి పాడుచేసి ఆ తెగులుని తట్టుకునే మొక్కలు తెచ్చారు.

నేనూ బోల్తా పడ్డదాన్నే. రీసెర్చ్ మొదట్లో సీక్వెన్సింగ్ గ్రాఫ్‌లో (డీఎన్ఏ ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు పీకు వస్తుంది) ఒకే చోట రెండు పీకులు, ఎరుపు మీద ఆకుపచ్చ ఎక్కి కూర్చుంది, హెటెరోజైగస్ (ఒకే జీన్‌కి రెండు వేర్వేరు రూపాలు) అనుకుని సెల్ఫింగ్ చేసి, అంటే దాని పుప్పొడితోనే దాన్ని కలిపి, తర్వాతి తరం కోసం ఆగా, అక్కడా 24 మొక్కలకి 24 అంతే, మళ్ళీ ఆగా, ఎనిమిది నెలలు పోయాయి. నిజంగా హెటెరోజైగస్ అయితే దాదాపు సగం మొక్కల్లో ఒకటే పీకు రావాలి కదా, ఆ లెక్క తట్టనే లేదు. చివరికి చూస్తే నా ప్రైమర్, అంటే చదవాల్సిన చోటుని పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్క, రెండు కాపీలకీ అతుక్కుంటోంది! కాపీల మధ్య తేడా ఉన్న అక్షరం ప్రైమర్ త్రీ ప్రైమ్ చివర (కొత్త డీఎన్ఏ సాగడం మొదలయ్యే కొస) పడేలా చూసుకోండి, సగం తలనొప్పి పోతుంది.

ఇంకో అపోహ, మొక్క అవసరానికని కాపీ దాచుకుంటుందట. మొక్కకి ముందుచూపేంటండీ? చాలా కాపీలు కొన్ని మిలియన్ ఏళ్ళలో మ్యూటేషన్లు పేరుకుని సూడోజీన్లు, అంటే పనిచేయని జీన్లు, అయిపోతాయి. మిగిలినవాటిలో కొన్ని కొత్త పని నేర్చుకున్నాయి, కొన్ని పాత పనే పంచుకున్నాయి, ఒకటి వేరులో ఒకటి పువ్వులో అన్నట్టు, అలాంటప్పుడు మీరు ఆకులు మాత్రమే చూసి తేడా లేదంటే ఎలా? కలిసి కాంప్లెక్స్ కట్టే ప్రోటీన్లయితే ఒక్కదాని డోస్ తగ్గినా లెక్క తప్పుతుంది, అందుకే జంటలుగానే నిలబడతాయి.

డూప్లికేషన్ అంటే జీఎం (మనుషులు జీన్లు మార్చడం) అనేవాళ్ళకి: ఇది మనుషులు పుట్టకముందు నుంచీ జరుగుతోంది, అంతే.

మొన్న ఇదే ప్రశ్నతో వచ్చినమ్మాయిని ఒక్కో కాపీ పోయిన రెండు మ్యూటెంట్లనీ క్రాస్ చేయమన్నా, ఎఫ్2లో (క్రాస్ తర్వాత రెండో తరంలో) రెండు కాపీలూ పోయిన డబుల్ మ్యూటెంట్ 16కి ఒకటే కాబట్టి మొక్కలు ఎక్కువే వేయమన్నా. కాపీలు రెండూ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటే మాత్రం రెండు మ్యూటేషన్లూ కలిసి రావడం చాలా అరుదు, క్రాస్‌ల మీద టైం తగలేయకండి, జీన్లని కత్తిరించే క్రిస్పర్‌తో రెండింటినీ ఒకేసారి కొట్టడమే.