వీడియో మాటిమాటికీ ఆగుతోందా? ప్లాన్ పెంచే ముందు తెలుసుకోవలసిన అపోహలు, వాస్తవాలు

ఇళ్లకు వెళ్లి ఇంటర్నెట్ కనెక్షన్లు సరిచేయడం నా వృత్తి. తలుపు తీయగానే నాకు వినిపించే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "మొన్ననే పెద్ద ప్లాన్‌కు మారామండీ, అయినా సినిమా మధ్యలో ఆ చక్రం తిరుగుతూనే ఉంది." ఆ మాట చెప్పేటప్పుడు వారి ముఖంలో కోపం కంటే, తామే ఏదో తప్పు చేశామేమోనన్న బెంగ ఎక్కువగా కనిపిస్తుంది. తప్పు వారిది కాదు. వీడియో ఆగితే వేగం చాలలేదని, వేగం చాలకపోతే ప్లాన్ పెంచాలని చుట్టూ ఉన్నవారందరూ చెబుతారు. వినడానికి సబబుగా ఉండే ఈ సలహా వల్ల వృథా అయినంత డబ్బు, నేను చూసినంతలో, మరే సలహా వల్లా కాలేదు.

ముందు లెక్క చూద్దాం. నెట్‌ఫ్లిక్స్ తన వినియోగదారులకు సూచించే వేగం 1080పీ (ఫుల్ హెచ్‌డీ) వీడియోకు 5 ఎంబీపీఎస్ (సెకనుకు 5 మెగాబిట్లు), అంతకంటే స్పష్టమైన 4కె వీడియోకు 15 ఎంబీపీఎస్ మాత్రమే. యూట్యూబ్ 4కె కోసం 20 ఎంబీపీఎస్ ఉండాలంటుంది. అంటే 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద ఒకేసారి నాలుగు 4కె వీడియోలు నడిచినా ఇంకా కొంత మిగలాలి. అటువంటి ఇంట్లో ఒక్క టీవీలో ఒక్క 1080పీ సినిమా ఆగుతోందంటే, ఆ 100ను 300 చేసినందువల్ల ఒరిగేదేమిటి?

ఇక్కడ మరొక విషయం గమనించాలి. నేటి స్ట్రీమింగ్ యాప్‌లు వీడియోను కొన్ని సెకన్ల నిడివి గల ముక్కలుగా తెచ్చుకుంటూ, రాబోయే ముక్కలను ముందుగానే నిల్వ చేసుకుంటాయి. వేగం తగ్గుతున్నట్లు కనిపిస్తే తక్కువ నాణ్యత గల ముక్కలను అడిగి, బొమ్మ మసకబారినా సరే నడక ఆగకుండా చూస్తాయి. కాబట్టి బొమ్మ మసకగా ఉండి సాగుతూ ఉంటే వేగం తక్కువగా ఉందని అనుకోవచ్చు. బొమ్మ స్పష్టంగా ఉండి ఉన్నట్టుండి ఆగిందంటే మాత్రం, చాలావరకు, మధ్యలో ఆ నిల్వ అయిపోయేంత సేపు దారే తెగిపోయిందని అర్థం. దారి తెగడాన్ని ప్లాన్ పెంచి సరిచేయలేము. ప్రత్యక్ష ప్రసారాలు ఎక్కువగా ఆగడానికీ కారణం ఇదే: అక్కడ ముందుగా నిల్వ చేసుకోవడానికి అవకాశం తక్కువ కనుక, దారి కాసేపు తెగినా తెర మీద కనిపిస్తుంది.

ఆ దారి ఎక్కడ తెగుతుంది? నేను వెళ్లిన ఇళ్లలో ఎక్కువ చోట్ల, రౌటర్‌కు టీవీకి మధ్య ఉన్న వైఫై దగ్గర. ప్లాన్‌లో రాసిన అంకె రౌటర్ వరకే వర్తిస్తుంది. ఆ తరువాత గాలిలో జరిగే ప్రయాణానికి లెక్కలు వేరు. వైఫైలో ఒక చానెల్ (రౌటర్ వాడుకునే రేడియో తరంగాల దారి) మీద సాధారణంగా ఒక సమయంలో ఒక్క పరికరమే మాట్లాడగలదు, మిగిలినవి తమ వంతు కోసం ఆగాలి. దూరపు గదిలో బలహీనమైన సిగ్నల్ మీద ఉన్న పాత ఫోన్, కొద్దిపాటి డేటాకే చాలా సేపు ఆ చానెల్‌ను పట్టుకుని కూర్చుంటుంది. పక్కింటి రౌటర్ అదే చానెల్ మీద ఉంటే వారి వంతు కోసం కూడా మీ టీవీ ఆగవలసిందే. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల పరిధిలో ఒకదానిమీద ఒకటి పడని చానెళ్లు 1, 6, 11 అనే మూడే. మైక్రోవేవ్ ఓవెన్ రొద చేసేది కూడా ఆ పరిధిలోనే. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, కానీ గోడలు దాటే శక్తి తక్కువ.

ఒక పెద్దాయన ఇంటికి వెళ్లడం నాకు బాగా గుర్తుంది. ఆయన ఏడాదిలో రెండుసార్లు ప్లాన్ పెంచారు. వైర్లు బయటికి కనిపించకూడదని రౌటర్‌ను టీవీ వెనుక, ఇనుప బీరువాకు ఆనించి పెట్టారు. టీవీ చూసేది మాత్రం లోపలి గదిలో ఉన్న మరో టీవీలో. నేను పొడవైన కేబుల్ ఒకటి వేసి, రౌటర్‌ను రెండు గదులకూ మధ్య ఉన్న అలమరలో ఛాతీ ఎత్తున పెట్టాను. పావుగంట పని. సినిమా ఆగకుండా నడవడం చూసి ఆయన సంతోషించలేదు. "మరి ఇన్నాళ్లూ కట్టిన డబ్బు?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. మరుసటి నెల ఆయన మొదటి ప్లాన్‌కే తిరిగి వెళ్లారు, తేడా ఏమీ రాలేదని ఫోన్ చేసి చెప్పారు.

అందుకే ప్లాన్ మార్చే ముందు, నా వంటి వారిని పిలిచే ముందు, ఒక్క పరీక్ష చేయండి. లాప్‌టాప్‌ను ఈథర్నెట్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపి, వైఫై ఆపి, ఆగుతున్న వీడియోనే ఆ సమయంలోనే చూడండి. సాఫీగా నడిస్తే లోపం వైఫైలో లేదా టీవీలో ఉంది. రౌటర్ స్థానం, చానెల్ మార్చి చూడాలి, వీలైతే టీవీకి కేబులే వేయాలి. కేబుల్ వేశాక టీవీలోని స్పీడ్ టెస్ట్ 94 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోయిందని కొందరు కంగారు పడతారు. చాలా టీవీలలోని ఈథర్నెట్ పోర్ట్ 100 ఎంబీపీఎస్‌దే కనుక అది సహజం, 4కె వీడియోకు అది ధారాళంగా సరిపోతుంది.

వైఫై గీతలు నిండుగా ఉన్నాయి కదా అనే వాదన కూడా తరచుగా వింటాను. ఆ గీతలు రౌటర్ గొంతు ఎంత గట్టిగా వినిపిస్తోందో చెబుతాయి. చుట్టూ ఎంత రొద ఉందో, రౌటర్ అవతల ఇంటర్నెట్ ఉందో లేదో చెప్పవు.

స్పీడ్ టెస్ట్ బాగా వచ్చింది కనుక కనెక్షన్‌లో ఏ లోపమూ లేదనుకోవడం మరో అపోహ. ఆ పరీక్ష సాధారణంగా దగ్గరలోని సర్వర్‌తో, అనేక కనెక్షన్లు ఒకేసారి తెరిచి, కొన్ని సెకన్ల పాటు జరుగుతుంది, కనుక అప్పుడప్పుడు దారి తెగడం దానికి చిక్కకపోవచ్చు. అంతకంటే యూట్యూబ్‌లో వీడియో సాంకేతిక వివరాలు చూపే 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరిచి 'బఫర్ హెల్త్' అంకెను గమనిస్తే మేలు. ముందుగా ఎన్ని సెకన్ల వీడియో చేరిందో అది చూపిస్తుంది. నిల్వ నిండుగానే ఉండి బొమ్మ తడబడుతుంటే, నెట్‌ను కాదు, ఆ పరికరాన్నే అనుమానించాలి.

పై పరీక్షకు దొరకని లోపం ఒకటి మా ఇంట్లోనే నన్ను నెల రోజులు తిప్పలు పెట్టింది. రోజూ సాయంత్రం నేను ఇంటికి చేరిన కాసేపటికే వీడియోలు ఆగేవి, గంట తరువాత వాటంతట అవే బాగయ్యేవి. రౌటర్ మార్చాను, కేబుళ్లు మార్చాను. చివరికి చూస్తే దోషి నా జేబులోని ఫోన్. పగలంతా పని చోట తీసిన ఫొటోలను, వీడియోలను అది ఇంటి వైఫై దొరకగానే క్లౌడ్‌కు పంపడం మొదలుపెట్టేది. అప్‌లోడ్ నిండిపోతే రౌటర్‌లో పొడవైన వరుస పేరుకుంటుంది, తరువాతి ముక్క పంపమని టీవీ చేసే చిన్న అభ్యర్థన కూడా ఆ వరుస చివరే నిలబడుతుంది. దీనికి బఫర్‌బ్లోట్ అనే పేరును కంప్యూటర్ నిపుణుడు జిమ్ గెటిస్ 2010లో ప్రచారంలోకి తెచ్చారు. మీ రౌటర్‌లో ఆ వరుస పేరుకోకుండా చూసే ఎస్‌క్యూఎం అనే సదుపాయం ఉంటే దాన్ని ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని అసలు వేగం కంటే కొద్దిగా తక్కువకు పెట్టండి. లేకపోతే నాలాగా బ్యాకప్‌ను అందరూ నిద్రపోయే వేళకు మార్చండి.

మిగిలిన పుకార్ల మీద ఎక్కువ సమయం పెట్టదలచుకోలేదు. డీఎన్‌ఎస్ మారిస్తే నెట్ వేగం పెరగదు; అది సర్వర్ చిరునామా వెతికి ఇచ్చేంతవరకే పనిచేస్తుంది. డేటాను మరో సర్వర్ మీదుగా పంపే వీపీఎన్ ఎక్కువ సందర్భాలలో దారిని పొడిగిస్తుంది. ఒకే రేడియో గల వైఫై రిపీటర్ విన్న ప్రతి మాటనూ మళ్లీ చెప్పాలి కనుక వేగాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది. నెట్ బూస్టర్ అని చెప్పుకునే యాప్‌లను తీసివేయండి, అంతే. రౌటర్‌ను ఆపి ఆన్ చేయడం కొన్నిసార్లు నిజంగానే ఉపయోగపడుతుంది, ఎందుకంటే చాలా రౌటర్లు మళ్లీ మొదలయ్యేటప్పుడు ఖాళీగా ఉన్న చానెల్‌ను వెతుక్కుంటాయి. కానీ రోజూ ఆ అవసరం పడుతుంటే చానెల్‌ను మీరే నిర్ణయించడం మంచిది.

ఇంటర్నెట్ సంస్థ వైపు లోపమే ఉండదని నేను అనడం లేదు. ఇంట్లో ఏ అప్‌లోడూ నడవకపోయినా, కేబుల్‌తో నేరుగా చూసినా, ఉదయం బాగుండి, రాత్రి అందరూ వీడియోలు చూసే వేళకు మాత్రమే ఆగుతుంటే, రద్దీ మీ ఇంటి బయట ఉందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. అప్పుడు వారం రోజుల పాటు తేదీ, సమయం, కేబుల్ మీద వచ్చిన వేగం, ఆగిన వీడియో పేరు ఒక కాగితం మీద రాసుకుని ఫోన్ చేయండి. అవతలివారు ముందుగా "వైఫై సమస్య అయి ఉంటుందండీ" అంటారు. ఏడు రోజులూ కేబుల్ మీదే చూశామని చెప్పి, ఆ కాగితం చదవడం మొదలుపెట్టండి.