బెణుకు తీసే చెయ్యి: మారుతూ వచ్చిన వివరణలు

కబడ్డీ బరిలోనో వాలీబాల్ కోర్టులోనో ఆటగాడి పాదం లోపలికి మడతపడి అతడు కూలబడిపోతే, మన ఊళ్లలో మొదట వినిపించే మాట "బెణికింది, తీయించండి" అన్నదే. ఏదో చోటు తప్పిందనీ, తెలిసిన చెయ్యి పడితే అది తిరిగి కుదురుకుంటుందనీ ఆ మాటలోనే ఒక సిద్ధాంతం ఇమిడి ఉంది. మామూలు బెణుకులో నిజానికి ఎముక ఎక్కడికీ పోదు; చీలమండ బయటివైపు లిగమెంటు (ఎముకలను కలిపి పట్టే పట్టీ) సాగుతుంది, ఒక్కోసారి చిరుగుతుంది. అయినా చెయ్యి పడ్డాక కాలు తేలికైందని చెప్పేవారి అనుభవం అబద్ధమూ కాదు. వివరణకూ అనుభవానికీ మధ్య ఉన్న ఈ ఎడమే, నేడు మాన్యువల్ థెరపీ అని పిలుస్తున్న చేతి చికిత్స చరిత్రను నడిపించింది.

మర్దన వదులైన కీలును బిగించగలదనీ, బిగుసుకున్న కీలును వదులు చేయగలదనీ హిప్పోక్రటీస్ కాలంలోనే రాశారు. ఆధునిక వివాదం మాత్రం 19వ శతాబ్దపు ఇంగ్లండులో, ఎముకలు సరిచేసే నాటువైద్యులకూ చదువుకున్న డాక్టర్లకూ మధ్య మొదలైంది. వారిని వంచకులని కొట్టిపారేయడం అప్పటి వైద్యలోకానికి అలవాటు. 1867లో ప్రముఖ శస్త్రవైద్యుడు సర్ జేమ్స్ పాజెట్ ఆ అలవాటుకు భిన్నంగా, ఎముకల వైద్యులు నయం చేసే కేసుల గురించే ఉపన్యసించి, మీరు నయం చేయలేని రోగిని వాళ్లు నయం చేస్తే వాళ్ల పంట పండుతుంది, మీ పేరు పోతుంది అన్న అర్థంలో తోటి డాక్టర్లను హెచ్చరించాడు. కీలును అతిగా కదలకుండా ఉంచడం వల్ల కలిగే బిగువును వాళ్లు వదిలిస్తున్నారని ఆయన గ్రహించాడు.

మరుసటి ఏడాదే, అంతకుముందు జిమ్నాస్టిక్స్ నేర్పిన ఆమ్‌స్టర్‌డామ్ వాసి యోహాన్ మెజ్గర్, బెణికిన పాదానికి మర్దన చికిత్స అన్న అంశంపైనే తన వైద్య పరిశోధన వ్యాసం రాశాడు. బెణికిన కాలిని వారాల తరబడి కట్టి ఉంచడం అప్పటి పద్ధతి కాగా, ఆయన రుద్ది, కదిలించి, త్వరగా నడిపించాడు. ఆ తర్వాత ఆయన దగ్గరకు ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ వంటివారు కూడా వచ్చారు. మర్దనకు వైద్య గౌరవం తెచ్చింది మొదట ఈ చీలమండే అనడం పెద్ద అతిశయోక్తి కాదు.

అట్లాంటిక్ అవతల, అమెరికాలో, ఆండ్రూ స్టిల్ 1874లో ఎముకలనూ కండరాలనూ చేత్తో సరిచేసే ఆస్టియోపతీని ప్రతిపాదించగా, 1895లో డేనియల్ పామర్ కైరోప్రాక్టిక్‌ను మొదలుపెట్టాడు. వెన్నుపూస చోటు తప్పడమే రోగమూలమన్న పామర్ భావనకూ మన ఊరి "తీయించండి"కీ ఉన్న పోలిక గమనించదగినది. లండన్‌లోనైతే మర్దన కేంద్రాల పేరిట సాగుతున్న వ్యవహారాలపై దుమారం రేగడంతో, తమ వృత్తి పరువు కాపాడుకునేందుకు నలుగురు నర్సులు 1894లో సంఘం పెట్టుకున్నారు. అదే 1944 నుంచి చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ.

20వ శతాబ్దంలో చెయ్యి ఒకటే, కారణాలు వేర్వేరు. లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్యుడు జేమ్స్ సిరియాక్స్ లిగమెంటు పోగులకు అడ్డంగా వేలితో గట్టిగా రుద్దించాడు. మానుతున్న కణజాలం చుట్టుపక్కల అతుక్కోకుండా ఉంటుందన్నది ఆయన వాదం. న్యూజిలాండ్‌కు చెందిన బ్రయన్ మల్లిగన్, కాలి పిక్క పక్కనున్న సన్నని ఎముక కింది కొన కొద్దిగా ముందుకు జరుగుతుందని భావించి, దానిని వెనక్కి నొక్కి పట్టి రోగిచేత పాదం కదిలించాడు. వీరిలో నాకు ఎక్కువ నిజాయితీగా తోచేది ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జెఫ్రీ మైట్లండ్ వైఖరి: సిద్ధాంతం ఒక పక్క, రోగిలో కనిపించే లక్షణం మరో పక్క ఉంచి, చికిత్సకు ముందూ తర్వాతా కదలికను పోల్చి చూసి, రెండోదాన్నే నమ్మమన్నాడాయన.

ఆ జాగ్రత్త వృథా కాలేదు. 2001లో ఆస్ట్రేలియాలో చీలమండ బెణికిన 41 మందిపై జరిపిన పరీక్షలో, మంచు, కట్టు, విశ్రాంతితోపాటు కీలును సున్నితంగా వెనక్కి జరిపే చికిత్స కూడా పొందినవారికి పాదం నొప్పి లేకుండా పైకి వంగడం తక్కువ సార్లు చికిత్సతోనే సాధ్యమైంది. మరోవైపు, తొడ పక్కనా అరికాలిలోనా ఉండే దట్టమైన కణజాల పొరలను ఒక్క శాతం నొక్కాలన్నా మామూలు పరిధిని మించిన బలం కావాలని 2008లో ఒక గణిత నమూనా తేల్చింది. అంటే "గట్టిపడ్డ పొరను కరిగించాను" అనే చికిత్సకుడి మాట నిలవదు. స్పర్శ నాడీవ్యవస్థలో నొప్పి సంకేతాలను తాత్కాలికంగా మార్చుతుందనీ, ఆ వెసులుబాటులో వ్యాయామం సులువవుతుందనీ నేడు ఎక్కువమంది పరిశోధకులు భావిస్తున్నారు.

మన దేశంలో ఫిజియోథెరపీ శిక్షణ 1953లో ముంబయి కేఈఎం ఆసుపత్రిలో, పోలియో బాధితుల కోసం మొదలైంది, క్రీడాకారుల కోసం కాదు. అందువల్ల జిల్లా స్థాయి ఆటగాడికి చాలాకాలం అందుబాటులో ఉన్నది పుత్తూరు కట్టు వంటి వంశపారంపర్య వైద్యమో, అఖాడాలోని పహిల్వానో. వృత్తికి జాతీయ స్థాయి చట్టబద్ధ నియంత్రణ 2021 నాటి చట్టంతో గానీ రాలేదు.

ఈలోగా చేతి చికిత్సకు ముందు వేయవలసిన ప్రశ్నను 1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు తేల్చిపెట్టారు. చీలమండ ఎముకల వెనుక అంచునో కొననో నొక్కితే నొప్పి ఉన్నా, గాయపడిన వెంటనేనూ, వైద్యుడి దగ్గరా రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోయినా ముందు ఎక్స్‌రే తీయాలి; బెణుకు తీసే చెయ్యి, అది డిగ్రీ ఉన్నదైనా లేనిదైనా, ఆ తర్వాతే.