స్కాట్లండ్ టవర్ హౌస్‌లు: అపోహలు - వాస్తవాలు

పాత కట్టడాలకు సున్నపు పని చేయడం నా వృత్తి. స్కాట్లండ్ టవర్ హౌస్‌ల గురించి, అంటే బురుజులా ఎత్తుగా కట్టిన పాత రాతి ఇళ్ల గురించి, నేను తరచూ వినే మాటలివి.

అపోహ: ఇవి యుద్ధాల కోసం కట్టిన కోటలు.

వాస్తవం: ఇవి ముందు ఇళ్లు. అబర్డీన్‌షైర్‌లోని క్రెయిగీవార్‌నే చూడండి. బాల్టిక్ వ్యాపారంలో గడించిన విలియం ఫోర్బ్స్, సగంలో ఆగిన ఆ కట్టడాన్ని 1610లో కొని, 1626 నాటికి పూర్తి చేయించాడు. లోపలికి దారి ఒక్కటే. అక్కడి ఇనుప కమ్మీల తలుపు ‘యెట్’ ఇప్పటికీ ఉంది. అది దోపిడీ ముఠాలను ఆపగలదు, ఫిరంగులతో వచ్చే సైన్యాన్ని కాదు. పై అంతస్తుల మూలల్లోని చిన్న బురుజులు, హాల్లో పొయ్యి మీది రాజచిహ్నం యజమాని హోదాను చాటడానికే.

అపోహ: బురుజు ఒంటరిగా నిలబడేది.

వాస్తవం: చుట్టూ ‘బార్మ్‌కిన్’ అనే ప్రహరీ ఉండేది. ఇంగ్లండ్ సరిహద్దులో 100 పౌండ్ల విలువైన భూమి ఉన్న ప్రతివారూ దాన్ని కట్టుకోవాలని 1535లో చట్టమే చేశారు. ఆ ప్రహరీ లోపలి వంటశాలలూ గుర్రపుశాలలూ శిథిలమైపోయి, మనకు బురుజు మాత్రమే మిగిలింది.

అపోహ: రాయి బయటికి కనిపించడమే అసలు అందం.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టే అపోహ ఇదే. రాళ్లు పేర్చిన ఆ గోడలకు ‘హార్లింగ్’ అనే సున్నపు పూత ఒంటిమీది బట్ట లాంటిది. సున్నంలో ఇసుక, గులకరాళ్లు కలిపి, చిన్న తాపీతో మణికట్టు విసురుతో గోడకు కొడతారు. తాపీతో నున్నగా రుద్దరు, విసిరింది విసిరినట్టే వదిలేస్తారు. ఆ గరుకుదనం వల్ల గాలి తగిలే మేర పెరిగి, వానకు తడిసిన గోడ త్వరగా ఆరుతుంది. సిమెంటుకు ఆ గుణం లేదు. క్రెయిగీవార్‌కు 1970లలో సిమెంటు పూత వేస్తే తేమ గోడలోనే చిక్కుకుపోయింది. దాన్ని ఒలిచి, 2009 నాటికి మళ్లీ సున్నపు హార్లింగ్ వేశారు. మన పాత మిద్దెల గానుగ సున్నం గోడలకు సిమెంటు పూసినా జరిగేది ఇదే.

అపోహ: కుడిచేతి వాటం కాపలాదారుకు కత్తి తిప్పడానికి వీలుగా బురుజులోని చుట్టుమెట్లు కుడివైపు తిరిగేవి.

వాస్తవం: ఎడమవైపు తిరిగే మెట్లూ చాలాచోట్ల ఉన్నాయి. స్థలాన్ని బట్టే మెట్లు.

అపోహ: పూత లేని గోడకు మొదటినుంచీ పూత లేనట్టే.

వాస్తవం: కిటికీ చుట్టూ చెక్కిన రాళ్లను చేత్తో తడిమి చూడండి. అవి గోడకన్నా కాస్త ముందుకు పొడుచుకొచ్చి ఉంటే, ఇంచుమించు ఆ మందాన ఒకప్పుడు హార్లింగ్ ఉండేదన్నమాట. చూరు కింద, వాన తగలని మూలల్లో ఇంకా కొంత అంటుకుని ఉండవచ్చు.