బస్సులో అందరం చూశాం, లేచింది మాత్రం మామ్మగారే

అమలాపురం నుంచి రావులపాలెం పోయే సాయంత్రం బస్సులో ఒకడు కాలేజీ అమ్మాయి మీదకి కావాలనే ఒరుగుతుంటే పాతికమందిమి చూశాం, నేనూ చూశా, ఎవరో ఒకరు అంటార్లే అని కూచున్నా. చివరికి కదిలింది అరటికాయల సంచితో ఎక్కిన ఓ మామ్మగారు. వాడివైపు చూడనే లేదు, "ఏమ్మా, మీ అమ్మకి ఒంట్లో ఎలా ఉంది, ఇలా వచ్చి నా పక్కన కూచో" అంది అంతే. ఆ అమ్మాయెవరో ఆవిడకి తెలీనే తెలీదు!

ఇంతమంది ఉండి ఎందుకు కదలరు అన్నది పాత ప్రశ్నే. 1964లో న్యూయార్క్‌లో కిట్టీ జెనోవీస్ అనే అమ్మాయిని ఇంటి దగ్గరే పొడిచి చంపితే 38 మంది చూస్తూ ఊరుకున్నారని న్యూయార్క్ టైమ్స్ రాసింది, అది బాగా పెంచి రాసిన లెక్క అని 2016లో ఆ పేపరే ఒప్పుకుంది, నిజానికి పక్కింటావిడ ఒకామె పరిగెత్తుకొచ్చి ఆమెని పట్టుకుని కూచుంది కూడా. కానీ ఆ వార్త వల్లే డార్లీ, లాటనే అనే ఇద్దరు సైకాలజిస్టులు ప్రయోగాలు మొదలెట్టారు. 1968లో వచ్చిన ఫలితం ఏంటంటే, పక్క గదిలో ఎవరికో ఫిట్స్ వచ్చినట్టు వినపడితే, విన్నది తానొక్కణ్ణే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది వెంటనే లేచారు, ఇంకో నలుగురూ వింటున్నారనుకుంటే 31 శాతమే. అంటే మనసు లేక కాదు, పక్కోడి మొహం చూస్తూ ఆగిపోవడం. 2019లో మూడు దేశాల సీసీ కెమెరాల్లో 219 గొడవలు చూస్తే పదింట తొమ్మిదిట్లో ఎవరో ఒకరు కలగజేసుకున్నారని తేలింది, నాకు చాలా ధైర్యమిచ్చిన లెక్క అది.

మన దగ్గర భయం వేరు. 2011లో ముంబైలో స్నేహితురాళ్లని వేధిస్తుంటే అడ్డుపడ్డ ఇద్దరు కుర్రాళ్లని కత్తులతో పొడిచేశారు, ఇద్దరూ పోయారు. 2012 డిసెంబర్లో ఢిల్లీలో నిర్భయ ఘటన జరిగిన రాత్రి తామిద్దరూ రోడ్డు పక్కన పడున్నప్పుడు బళ్లు స్లో చేసి చూసి వెళ్లిపోయాయని ఆ అమ్మాయితో ఉన్న స్నేహితుడు తర్వాత టీవీలో చెప్పాడు. స్టేషన్, కోర్టు, సాక్ష్యం, ఎవడు తిరుగుతాడండీ అన్న మాట మన కోనసీమలో ప్రతి అరుగు మీదా వినపడేదే. 2013లో వెంటపడటం కూడా నేరమైంది, ఇప్పుడది బిఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 78వ సెక్షన్. 2020లో రాష్ట్రంలో మొదటి దిశ మహిళా పోలీస్ స్టేషన్ మన రాజమండ్రిలోనే పెట్టారు. సాయం చేసినవాళ్లని ఇబ్బంది పెట్టకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలో కలిపారు గానీ అది రోడ్డు యాక్సిడెంట్లకే, వేధింపుల్లో అడ్డం నిలబడ్డవాళ్లకి కూడా అలాంటిది రావాలి అని నా గట్టి అభిప్రాయం.

2005లో న్యూయార్క్‌లో మొదలైన హాలాబ్యాక్ అనే సంస్థ అడ్డుపడే పద్ధతులు ఐదు నేర్పేది, అందులో మొదటిది మామ్మగారు చేసిందే, మాట మళ్లించడం. కండక్టర్‌కి చెప్పడం, 112కి ఫోన్ చేయడం ఇంకోటి. వీడియో తీస్తే ఆ అమ్మాయికే ఇవ్వాలి, తను ఒప్పుకోకుండా గ్రూపుల్లో పెట్టేస్తే అది ఇంకో వేధింపే. వాడితో నేరుగా మాట్లాడటం మనకీ తనకీ ప్రమాదం లేదనుకుంటేనే, తాగున్నా కత్తిలాంటిది ఉన్నా అస్సలొద్దు. ఏదీ కుదరకపోతే అయిపోయాక అయినా పలకరించడం. నేను ఆ రోజు చేయగలిగింది ఆ చివరిదే, కొత్తపేటలో తనతోపాటు దిగి "ఏమ్మా, ఎవరికైనా ఫోన్ చేయమంటావా" అని అడిగా, "వద్దండీ, మా అన్నయ్య వచ్చేదాకా ఇక్కడ నిలబడతారా" అంది, నిలబడ్డా.