ఐసీయూ బయట కూర్చున్నవారికి: రక్తం ఎక్కించడంపై అపోహలు - వాస్తవాలు

"హిమోగ్లోబిన్ 8కి పడిపోయిందట కదా సార్, ఇంకా రక్తం ఎందుకు ఎక్కించడం లేదు?"

కర్నూలులో ఐసీయూ వైద్యుడిగా నేను ఈ ప్రశ్న వినని వారం ఉండదు. అడిగేవారు ఆదోని నుంచో, పత్తికొండ నుంచో, తుంగభద్ర అవతల గద్వాల నుంచో రాత్రికి రాత్రి బయలుదేరి వచ్చినవారు. వరండాలో దుప్పటి పరుచుకుని, తెలిసినవారందరికీ ఫోన్లు చేస్తూ దాతలను వెతుకుతుంటారు. రక్తం ఎక్కించలేదంటే వైద్యం సరిగా జరగడం లేదేమోనని వారి భయం. రెండు మాటల్లో చెప్పి పంపేస్తే పోయే భయం కాదది.

అపోహ: హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గితే రక్తం ఎక్కించి తీరాలి.

ఒకప్పుడు వైద్యులమూ ఇలాగే నమ్మాం. 1999లో వెలువడిన కెనడా అధ్యయనం ఆ నమ్మకాన్ని కదిలించింది. ఐసీయూల్లో ఉన్న 838 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గగానే, రెండో జట్టుకు 7 కంటే తగ్గాకే రక్తం ఇచ్చారు. 30 రోజుల్లో మొదటి జట్టులో 23.3 శాతం, రెండో జట్టులో 18.7 శాతం మంది చనిపోయారు. ఈ తేడా కాకతాళీయం కావచ్చు. కానీ ఎక్కువ రక్తం ఇచ్చినందువల్ల ప్రాణాలు అదనంగా నిలవలేదన్నది మాత్రం తేలిపోయింది. రక్తంలో ఇన్ఫెక్షన్ సోకి బీపీ పడిపోయినవారిలో 2014లో 7, 9 అంకెలను పోల్చి చూసినా ఫలితంలో తేడా కనిపించలేదు. అందుకే రక్తస్రావం లేని రోగికి చాలావరకు 7 దాకా ఆగుతాం.

ఆగడం ఎందుకంటే, రక్తం టానిక్ కాదు. అది మరో మనిషి శరీరంలోని సజీవ కణాల సముదాయం. గుండె, మూత్రపిండాలు నీరసించిన రోగికి గబగబా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం పెరుగుతుంది. అరుదుగా దాత రక్తంలోని ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) రోగి ఊపిరితిత్తులనే దెబ్బతీస్తాయి. పెద్దవారిలో ఒక బ్యాగు హిమోగ్లోబిన్ అంకెను సుమారు 1 పెంచుతుంది, అంటే 7 ఉన్నది 8 అవుతుంది. కాబట్టి ఒకటి ఇచ్చి, రోగిని చూసి, అవసరమైతేనే రెండోది ఇస్తాం.

ఈ 7 అంకె కూడా శిలాశాసనం కాదు. గుండెపోటు వచ్చినవారిలో 2023లో సుమారు 3,500 మందిపై జరిగిన అధ్యయనం కచ్చితమైన తీర్పు ఇవ్వకపోయినా, హిమోగ్లోబిన్‌ను 10 దగ్గర ఉంచడం వైపే మొగ్గు చూపింది. అలాంటివారి విషయంలో నేను 7 దాకా ఎదురుచూడను.

అపోహ: రిపోర్టులో హిమోగ్లోబిన్ బాగుంది కాబట్టి రక్తం అక్కర్లేదు.

ఇది మొదటిదానికంటే ప్రమాదకరం. 44వ నంబరు జాతీయ రహదారిపై లారీ గుద్దిన మనిషిని తెస్తారు. హిమోగ్లోబిన్ 12 ఉంటుంది. రక్తం కారిపోతున్నప్పుడు మిగిలిన రక్తం చిక్కదనం వెంటనే మారదు, పరిమాణం మాత్రం తగ్గిపోతుంది. కుండలో మజ్జిగ సగం ఒలికిపోయినా మిగిలిన మజ్జిగ పలచబడదు కదా, అలాగే. సెలైన్ ఎక్కాకో, కొన్ని గంటలు గడిచాకో గాని అంకె దిగదు. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావమూ అంతే. అక్కడ మేం చూసేది నాడిని, బీపీని, చల్లబడుతున్న చేతులను. ఎర్రకణాలతో పాటు ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం), ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు), కాల్షియం కూడా ఇస్తాం. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ మొదటి 3 గంటల్లో పడాలి. "పరాయి రక్తంతో రోగాలొస్తాయి, వద్దు" అని ఆ నిమిషంలో వెనకాడకండి. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయకుండా ఏ బ్యాగూ బయటికి రాకూడదన్నది చట్టం.

అపోహ: సొంతవాళ్ల తాజా రక్తమే మంచిది.

ఎక్కువ రోజులు నిల్వ ఉన్న రక్తం పాడైనట్టే అనుకుంటారు. ఐసీయూ రోగుల్లో 8 రోజుల లోపు రక్తాన్నీ, మామూలుగా ఇచ్చే నిల్వ రక్తాన్నీ పోల్చిన అధ్యయనం 2015లో వచ్చింది. మరణాల్లో తేడా లేదు. ఇక రక్తసంబంధీకుల రక్తంలో ఒక ముప్పు ఉంది. దాత తెల్లకణాలు తనవాటిలాగే ఉండటంతో రోగి శరీరం వాటిని అడ్డుకోదు, అవి మాత్రం రోగి శరీరంపై దాడి చేస్తాయి. ఇది చాలా అరుదు, కానీ వస్తే బతకడం దాదాపు అసాధ్యం. అందుకే అలాంటి రక్తాన్ని రేడియేషన్‌కు గురిచేశాకే ఇవ్వాలి. మీ తమ్ముడు ఇచ్చిన రక్తం మీ నాన్నకే ఎక్కించాలని పట్టుబట్టకండి, బ్యాంకు నిల్వలో చేరనివ్వండి. ఇన్ని వేలిస్తే బాటిల్ తెస్తానని వరండాలో తిరిగే మనిషి మాట అసలే నమ్మవద్దు. డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడాన్ని మన దేశంలో 1998 జనవరి 1 నుంచి నిషేధించారు.

అపోహ: పాము కరిస్తే రక్తం మార్చాలి.

వేరుశనగ చేలల్లో రక్తపింజర కాటుకు గురైనవారిని చూస్తే నాకు సమయం గురించే బెంగ. దాని విషం రక్తం గడ్డకట్టే శక్తిని హరిస్తుంది. పొడి గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తాం. గడ్డకట్టకుండా జారితే విషవిరుగుడు ఇంజెక్షన్ వెంటనే మొదలవ్వాలి. అది ఇవ్వకుండా ప్లాస్మా ఎంత పోసినా, విషం దానిలోని గడ్డకట్టే పదార్థాలనూ హరించేస్తుంది. దాతలను వెతికే గంట ముఖ్యం కాదు, ఆసుపత్రికి చేరే గంట ముఖ్యం.

డెంగీలోనూ ఇదే తొందర చూస్తాను. రక్తస్రావం లేని పెద్దవారికి ప్లేట్‌లెట్లు 20,000కు తగ్గినంత మాత్రాన ఎక్కించడం వల్ల రక్తస్రావం తగ్గలేదని 2017లో సింగపూర్, మలేషియా వైద్యులు చూపారు.

"రోజూ ఇంత రక్తం లాగుతున్నారు, అందుకే తగ్గుతోంది" అనేవారూ ఉన్నారు. ఈ ఒక్కటీ అపోహ కాదు. పరీక్షలకు రోజుకు 40 మిల్లీలీటర్లు పోతే, పది రోజుల్లో దాదాపు ఒక బ్యాగు పోయినట్టే. చిన్న ట్యూబుల్లో తీయడం, అక్కర్లేని పరీక్షలు మానడం మా బాధ్యత. ఆ పరీక్ష ఎందుకని మమ్మల్ని నిలదీసి అడిగే హక్కు మీకుంది.

ఇక రక్తం ఇస్తే నీరసపడతామని వెనకడుగు వేసే యువకులకు: 18 ఏళ్లు నిండి, 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే చాలు. తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు మళ్లీ ఇవ్వవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో కళాశాలలకు సెలవులిస్తే శిబిరాలు తగ్గిపోతాయి, కాన్పులూ ప్రమాదాలూ తగ్గవు. వీలుంటే ఆ రెండు నెలల్లో రండి.